మా అనంతపురం ఇంటివాళ్లతో గుత్తికి

రైత్వారీ పద్ధతి (నడుమ జమీందారు లేకుండా రైతే నేరుగా ప్రభుత్వానికి శిస్తు కట్టే పద్ధతి) మీద పరిశోధన చేయడానికి శ్రీకాకుళం జిల్లా నుంచి అనంతపురం వచ్చినప్పుడు, నేను హాస్టలు వద్దనుకుని ఒక కుటుంబంతో కలిసి ఉండే ఏర్పాటును ఎంచుకున్నాను. బయటి జిల్లాల నుంచి వచ్చే పరిశోధక విద్యార్థులను, ఇష్టపడి ముందుకు వచ్చిన స్థానికుల ఇళ్లలో కొన్ని నెలలపాటు ఉంచే పద్ధతి మా విభాగంలో ఉంది. నా అనుభవం ఇలాంటి ఏర్పాటులో చేరబోయే మరొకరికి పనికొస్తుందని, ముఖ్యంగా ఆ కుటుంబంతో కలిసి గుత్తికి వెళ్లిన శని, ఆదివారాలు నా పరిశోధనను ఏ దారిలోకి మళ్లించాయో చెప్పాలని ఇది రాస్తున్నాను.

ముందుగా ఒక దరఖాస్తు నింపాలి. తిండి అలవాట్లు, ఆరోగ్యం, చదవబోయే విషయం, రాత్రి ఎంతసేపటి వరకు మేలుకుని చదువుతామన్న సంగతి కూడా అందులో అడుగుతారు. ఆ తరువాత ఒక అధ్యాపకురాలు మనల్ని వెంటబెట్టుకుని ఆ ఇంటికి తీసుకువెళ్లి, ఇరువైపుల వాళ్లనూ కూర్చోబెట్టి మాట్లాడిస్తారు. భోజనం ఖర్చు ఎంత ఇవ్వాలి, బయటికి వెళ్తే ఎవరికి చెప్పి వెళ్లాలి అన్నవి అక్కడే తేలిపోతాయి. నాకు దొరికిన ఇల్లు ఒక బడిపంతులు గారిది. ఆయన్ని చిన్నాయన అనీ, ఆయన భార్యను చిన్నమ్మ అనీ పిలవమని మొదటి రోజే చెప్పారు. ఆయన తల్లి, అంటే మా అవ్వ, ఎనభై దాటిన మనిషి, గుత్తిలో కూతురి ఇంట్లో ఉంటుంది. ఆయన అన్న గుత్తికి దగ్గరలోని సొంతూళ్లో చెనిక్కాయ (వేరుశనగ) పండిస్తాడు. ఈ సంగతులు నా దరఖాస్తు చూసిన వాళ్లకు ముందే తెలుసేమో, వేరే ఏ ఇంటికి పంపినా నాకు ఇంత మేలు జరిగేది కాదు.

గుత్తికి పోదామన్న మాట చిన్నాయన నోటి నుంచే వచ్చింది. నేను గ్రంథాలయంలో కూర్చుని, ఇక్కడ రైత్వారీ పద్ధతి పెట్టిన ఇంగ్లీషు కలెక్టరు థామస్ మన్రో నివేదికలు చదువుతున్నానని విని, "ఆయప్పను పుస్తకాల్లో చదివేదెందుకు పాపా, గుత్తిలో పూడ్చిపెట్టిన తావు చూద్దువుగాని పా" అన్నారు. శనివారం మధ్యాహ్నం భోజనాలు ముగించుకుని బస్సెక్కాము. అనంతపురం నుంచి గుత్తి దాదాపు యాభై కిలోమీటర్లు, గార్లదిన్నె, పామిడి దాటి వెళ్లాలి. పామిడి దగ్గర పెన్న మీది వంతెన దాటుతున్నప్పుడు కింద ఇసుక తప్ప ఏమీ కనబడలేదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా మాత్రమే వాన పడే జిల్లా ఇది. వంశధార, నాగావళి చూస్తూ పెరిగిన నాకు ఆ ఇసుకను నది అని ఒప్పుకోవడానికి కొంత సమయం పట్టింది.

దారిలో చిన్నాయన, నేను మాట్లాడుకున్నదంతా దత్త మండలాల గురించే, అంటే ఒకప్పుడు ఇచ్చివేసిన ఈ సీమ గురించే. హైదరాబాదు నిజాము తన దగ్గర ఉంచుకున్న ఇంగ్లీషు సైన్యం ఖర్చుల కింద 1800లో ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. ఆ వెంటనే ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన మన్రో అనంతపురాన్ని తన కేంద్రంగా చేసుకుని 1807 వరకు ఇక్కడే పనిచేశాడు. అనంతపురం జిల్లా అప్పటికి లేదు, బళ్లారి నుంచి విడదీసి 1882లో ఏర్పాటు చేశారు. దత్త మండలాలన్న పేరు ఇక్కడి వాళ్లకు ఎప్పుడూ రుచించలేదు. ఎవరో ఎవరికో ఇచ్చివేసిన భూమి అని వినిపించే పేరును ఎవరు మాత్రం ఇష్టపడతారు? 1928లో నంద్యాలలో జరిగిన సభల్లో రాయలసీమ అన్న పేరును సూచించిన చిలుకూరి నారాయణరావు గారు అనంతపురం కళాశాలలో అధ్యాపకులు, ఉత్తరాంధ్ర నుంచి వచ్చినవారు. మా వైపు మనిషి ఈ సీమకు పేరు పెట్టాడని చెబితే చిన్నమ్మ, "అయితే నువ్వు మాకు కొత్తదానివి కాదులే" అని నవ్వింది.

గుత్తిలో దిగేసరికి ఎండ వాలింది. సామాను చిన్నాయన చెల్లెలి ఇంట్లో పెట్టి, టీ తాగి, కొండ మొదట్లో ఉన్న ఇంగ్లీషువాళ్ల శ్మశానానికి నడిచాము. మన్రో 1820లో మద్రాసు గవర్నరై, పదవి ముగించుకుని స్వదేశానికి వెళ్లబోయే ముందు తాను పనిచేసిన ఈ సీమను చివరిసారి చూసుకోవాలని బయలుదేరాడు. దారిలో కలరా సోకి 1827 జులై 6న పత్తికొండలో చనిపోతే, గుత్తికి తెచ్చి ఇక్కడ పాతిపెట్టారు. 1831లో అస్థికలను మద్రాసుకు తరలించి, సెయింట్ జార్జి కోటలోని సెయింట్ మేరీ చర్చిలో మళ్లీ సమాధి చేశారు. కాబట్టి ఇక్కడ ఉన్నది ఆయన జ్ఞాపకం మాత్రమే. చుట్టూ ఉన్న మిగతా సమాధులే నన్ను ఎక్కువసేపు నిలబెట్టాయి. ఎక్కడో పుట్టి ఇక్కడ జ్వరాలతో, కలరాతో పోయిన సిపాయిల, ఉద్యోగుల రాళ్లవి. కొన్నింటి మీది అక్షరాలు వేలితో తడిమితే తప్ప తెలియనంతగా అరిగిపోయాయి. పాలించినవాళ్ల సమాధులైనా సరే, ఇవి మన చరిత్రకు ఆధారాలు. పేరు చదవగలిగినంత కాలమైనా వాటిని కాపాడుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను.

తిరిగి వస్తూ చిన్నాయన ఇంకో కథ చెప్పారు. ఆయన దృష్టిలో గుత్తికి వచ్చినవాళ్లు మన్రో కంటే ముందు వినవలసిన కథ అది. 1893లో గుంతకల్లు దగ్గర ఇద్దరు ఆడవాళ్ల వెంట పడిన తెల్ల సిపాయిలను అడ్డుకున్నందుకు గూళపాళ్యం హంపన్న అనే రైల్వే గేటు కాపలాదారును కాల్చి చంపారు. నిందితుడు మద్రాసులో జరిగిన విచారణలో నిర్దోషిగా బయటపడ్డాడు. ఈ అన్యాయాన్ని పత్రికలకెక్కించి, ప్రజల్లోకి తీసుకువెళ్లినవాడు గుత్తిలో వకీలుగా ఉన్న కేశవపిళ్లె. 1885లో బొంబాయిలో జరిగిన మొట్టమొదటి కాంగ్రెసు సభకు హాజరైనవారిలో ఆయనా ఒకరు. చిన్నాయన తన విద్యార్థులకు ఏటా ఈ పాఠం తప్పకుండా చెబుతారట. ఆయన గొంతులో ఆవేశం లేదు, పేర్లూ సంవత్సరాలూ తడుముకోకుండా వచ్చాయి.

రాత్రి జొన్నరొట్టె, చెనిక్కాయల ఊరిబిండి తిని అవ్వ పక్కన కూర్చున్నాను. అవ్వకు మన్రో దొర కలెక్టరూ కాదు, గవర్నరూ కాదు, మన్రోలప్ప. ఒకప్పుడు పిల్లలకు కూడా ఆ పేరు పెట్టేవాళ్లని తన చిన్నప్పుడు విన్నదట. కడప వైపు గండి దగ్గర పాపఘ్ని నది కొండల మధ్య నుంచి దూరి వచ్చే చోట, రాముడి కోసం వాయుదేవుడు కట్టిన బంగారు తోరణం ఉందని, అది మామూలు కళ్లకు కనబడదని, మన్రోకు కనబడిందని, కనబడినవాడు ఎన్నాళ్లో బతకడని ఆవిడ చెప్పింది. ఈ కథ జిల్లా గెజిటీరుకు కూడా ఎక్కింది. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి మన్రోకు మాత్రమే కనిపించి మాట్లాడారన్న కథా అలాంటిదే. పన్ను వసూలు చేయడానికి వచ్చిన పరదేశిని జనం తమ దేవుళ్ల కథల్లోకి ఎందుకు రానిచ్చారన్న ప్రశ్న ఆ రాత్రి నన్ను పట్టుకుంది. అవ్వను అడిగితే, "మునుపు పాళెగాడు ఒకసారి, నవాబు మనిషి ఇంకోసారి, మరాఠావాడు ఇంకోసారి వచ్చి ఎత్తకపోయేటోళ్లంట. ఆయప్ప వచ్చినాక ఒకడికే కడితే సరిపాయనంట" అంది. పాళెగాళ్లంటే సొంత సైన్యాలతో ఊళ్లను ఏలిన స్థానిక నాయకులు. నేను చదివిన నివేదికల సారాన్ని అవ్వ రెండు ముక్కల్లో చెప్పేసింది.

ఆదివారం తెల్లవారకముందే చిన్నమ్మ లేపింది. "పైన నీళ్లచుక్క దొరకదు పాపా, రెండు సీసాలు పెట్టుకో. ఎండ ముదరక ముందే దిగల్ల" అని తనే సంచీ సర్దింది. గుత్తి కోటకు వెళ్లేవాళ్లకు నేను ఇచ్చే సలహా కూడా ఇదే. దుకాణాలన్నీ ఊళ్లోనే ఉంటాయి. కొండమీద నీడ తక్కువ, నాపరాళ్ల దారి అక్కడక్కడ జారుతుంది, చెప్పులకు బదులు బూట్లు ఉంటే మంచిది.

కోట ఒకదాని వెనుక ఒకటిగా ద్వారాలు దాటుకుంటూ పైకి పోతుంది. ప్రతి ద్వారం ముందూ దారి ఒక్కసారిగా మలుపు తిరుగుతుంది. ఏనుగుతోనో దూలంతోనో వేగంగా వచ్చి తలుపు గుద్దే వీలు లేకుండా అలా కట్టారని చిన్నాయన చూపించారు. శంఖం ఆకారంలో కట్టారని ఊళ్లో అంటారు. పదకొండు, పన్నెండు శతాబ్దాల శాసనాలు ఈ కొండమీద ఉన్నాయి. విజయనగర రాజు బుక్కరాయల కాలపు సంస్కృత శాసనం గుత్తిని దుర్గాలకు రాజుగా, ఆయన సామ్రాజ్య చక్రానికి నాభిగా వర్ణించింది. కొండ శిఖరం మీద నిలబడి చుట్టూ చూస్తే ఆ వర్ణనలో అతిశయోక్తి ఏమీ లేదనిపించింది. రైలు పట్టాలు, రోడ్లు, పొలాల గట్లు అన్నీ ఈ కొండ వైపుకే వచ్చి విడిపోతున్నట్టు కనిపిస్తాయి.

అంచున ఒక చిన్న మంటపం ఉంది, మురారిరావు గద్దె అంటారు. దాని గోడల సున్నపుగార ఇప్పటికీ కొన్ని చోట్ల అరచేతికి గాజులా నున్నగా తగులుతుంది. గుత్తిని ఏలిన మరాఠా సర్దారు మురారిరావు ఘోర్పడే ఇక్కడ కూర్చుని చదరంగం ఆడేవాడని, నేరస్థులను ఎదురుగా ఉన్న కొండ మీద నుంచి తోయించి చూసేవాడని చెబుతారు. రెండో మాట నిజమో కాదో కానీ, అక్కడ నుంచి కిందికి చూస్తే నాకు కాళ్లు వణికాయి. 1775లో హైదరాలీ గుత్తిని ముట్టడించాడు. ఇంత ఎత్తున, ఇన్ని ద్వారాలున్న కోట నెలల తరబడి నిలబడి, చివరికి తాగడానికి నీళ్లు అయిపోవడంతో 1776లో లొంగిపోయింది. మురారిరావును బందీగా పట్టుకుపోయి కబ్బాళదుర్గంలో ఉంచారు, ఆయన అక్కడే చనిపోయాడు. రాతిలో తొలిచిన బావులు, నీటి గుంటలు చూపిస్తూ చిన్నాయన, "కోటను గెలిచింది హైదరాలీ కాదు పాపా, కరువు" అన్నారు.

కొండమీద ధాన్యపు కొట్లు, మందుగుండు కొట్టు, మరికొన్ని పాడుబడిన కట్టడాలు ఉన్నాయి. మన్రో లొంగదీసిన పాళెగాళ్లలో కొందరిని ఈ కోటలోనే ఖైదు చేశారని చెబుతారు. దత్త మండలాల్లో అప్పుడు దాదాపు ఎనభై మంది పాళెగాళ్లు ఉండేవాళ్లు. వాళ్ల సైన్యాలను రద్దుచేసి, కొందరికి భరణాలు ఏర్పాటుచేసి, ఎదురు తిరిగినవాళ్లను బంధించి, మన్రో ఊళ్ల శిస్తును నేరుగా కంపెనీకి వచ్చేలా చేశాడు. అలా అణగిన కోపం పూర్తిగా చల్లారలేదు. భరణం విషయంలో రేగిన మంటే 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటుగా లేచింది. ఆయన్ని 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీసి, తలను కోట గుమ్మానికి ఏళ్ల తరబడి వేలాడదీశారు. రైతుకు మేలు చేసిన దొర అన్న కథ, ఈ కథ, రెండూ ఒకే పాలన కథలు. ఒకటి చెప్పి రెండోది వదిలేయడం నాకు సమ్మతం కాదు.

ఎండ పూర్తిగా ఎక్కకముందే దిగి, ఊళ్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని, ఆటోలో చిన్నాయన సొంతూరికి వెళ్లాము. ఈ ప్రయాణంలో నాకు అన్నిటికంటే విలువైన భాగం అక్కడే దొరికింది. పెద్దాయన, అంటే చిన్నాయన అన్న, ఇంటి లోపలి గదిలోంచి ఒక రేకు పెట్టె తెచ్చి మంచం మీద పెట్టాడు. పట్టాదారు పాసుపుస్తకాలు, బ్యాంకు నోటీసులు, పంట నష్టపరిహారం కాగితాలు పైన ఉన్నాయి. వాటి కింద గుడ్డలో చుట్టిన పాత శిస్తు రసీదులు ఉన్నాయి. మడతల దగ్గర చిరిగి, అంచులు పసుపెక్కి ఉన్న ఒక రసీదును ఆయన నా చేతికి ఇచ్చాడు. ఊరి పేరు, పట్టా నంబరు, ఆయన తాత పేరు, మెట్ట అన్న మాట, రూపాయలూ అణాలూ పైసలూ విడివిడిగా మూడు గళ్లలో, కింద కరణం సంతకం. ఫసలీ 1343 అని ఉంది. ఫసలీ అంటే శిస్తు లెక్కలకు వాడే సంవత్సరం. ఫసలీకి 590 కలిపితే మనం వాడే సంవత్సరం వస్తుంది, అంటే ఆ రసీదు 1933-34 నాటిది. కరణం గొలుసుకట్టు రాతను నేను తడబడుతూ చదువుతుంటే, పెద్దాయన ఒక్కో మాటా నోటికి చెప్పేశాడు. అంతకు ముందు ఎన్నిసార్లు ఆ కాగితం తీసి చూసుకుని ఉంటాడో.

ఆ కాగితం వెనుక ఉన్న వ్యవస్థ మన్రో సర్వే నుంచి వచ్చింది. 1802లో మొదలుపెట్టి ఆయన మనుషులు 33 అడుగుల గొలుసుతో చేను చేనునూ కొలిచారు. ఆ గొలుసు పొడవూ వెడల్పూ ఉన్న చదరాలు నలభై కలిస్తే ఒక ఎకరా అవుతుంది. నేల రకాన్ని బట్టి తరం (తరగతి) నిర్ణయించి, శిస్తు కట్టి, ఏటా జమాబందీలో (శిస్తు లెక్కలు తేల్చే తనిఖీలో) ఎవరు ఏ చేను చేస్తున్నారో తేల్చి, ఆ రైతు పేరనే పట్టా ఇచ్చేవారు. నడుమ జమీందారు లేడు. మెచ్చుకోదగిన సంగతే, కానీ శిస్తు చాలా ఎక్కువ. ఆ సంగతి మన్రోకు తెలుసు. 1807లో వెళ్లిపోయే ముందు నాలుగో వంతు తగ్గించమని ఆయనే సిఫారసు చేశాడు. పైవాళ్లు అప్పుడు వినలేదు సరికదా, రైత్వారీనే పక్కనపెట్టి ఊళ్లను గుత్తకు (కౌలుకు) ఇచ్చారు. ఆయన గవర్నరయ్యాక గానీ ఆ తగ్గింపుతో రైత్వారీ తిరిగి రాలేదు. నడుమ గడిచిన ఏళ్లలో గుత్తల భారానికి ఎందరు రైతులు చేలు వదిలి పోయారో ఏ రసీదూ చెప్పదు.

పెద్దాయన నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే, "మీ పక్క ఎట్లుంటుంది పాపా?" నేను మా తాత సంగతి చెప్పాను. మా వైపు 1802లో శాశ్వత శిస్తు పద్ధతి పెట్టి, ఊళ్లను జమీందార్ల చేతికి అప్పగించారు. మా తాతలు దున్నిన భూమికి శిస్తు జమీందారు కచేరీలో కట్టారు, ఆయన మనుషులు రానిచ్చినన్నాళ్లు సాగుచేశారు. 1948లో మద్రాసు ప్రభుత్వం ఎస్టేట్ల (జమీందారీల) రద్దు చట్టం తెచ్చింది. ఆ చట్టం పూర్తి పేరులోనే ఎస్టేట్లను రైత్వారీగా మార్చడం అని ఉంది. ఆ తరువాత సెటిల్‌మెంటు అధికారులు వచ్చి విచారణ చేసి రఫ్ పట్టా (మొదటగా ఇచ్చే పట్టా) ఇచ్చాక గానీ మా తాత పేరు ప్రభుత్వ లెక్కల్లోకి ఎక్కలేదు. పెద్దాయన చాలాసేపు ఆలోచించి, "అంటే మాకు మునుపే కాగితం వచ్చె, మీకు మునుపే నీళ్లు వచ్చె" అన్నాడు. నేను ఆ మాటను అక్కడే నా పుస్తకంలో రాసుకున్నాను. పట్టా రైతును జమీందారు నుంచి కాపాడింది గానీ వాన నుంచి కాపాడలేదు. 1876లో మొదలైన ధాత నామ సంవత్సరపు కరువులో ఎక్కువగా నలిగిన జిల్లాలలో బళ్లారి, కర్నూలు, కడప ఉన్నాయి, అంటే పట్టాలు చేతిలో ఉన్న రైతుల జిల్లాలు. నా పరిశోధన అప్పటివరకు పద్ధతి చుట్టూ తిరుగుతూ ఉండింది. ఆ మధ్యాహ్నం నుంచి పట్టా, నీరు అన్న రెండింటినీ కలిపి చూడాలని నిర్ణయించుకున్నాను.

పెట్టె మూసేముందు, 1984లో కరణాల వ్యవస్థ రద్దయినప్పుడు ఊరి లెక్కలు చేతులు మారిన సంగతి, దాని వల్ల తమ సర్వే నంబరు ఒకదానిలో విస్తీర్ణం తేడా వచ్చి ఇప్పటికీ సరికాని సంగతి పెద్దాయన చెప్పాడు. పాత రీసెటిల్‌మెంట్ రిజిస్టరులో (భూములను మళ్లీ లెక్కగట్టి శిస్తు నిర్ణయించినప్పటి పుస్తకంలో) ఆ నంబరు ఎదుట ఎంత ఉందో చూస్తే తేలుతుందని నాకు అనిపించింది. మరుసటి వారం చిన్నాయనా నేనూ కలిసి రికార్డు గదిలో నకలు కోసం దరఖాస్తు పెట్టాము. ఊరి పేరు, పాత సర్వే నంబరు, ఏ సర్వే నాటి రిజిస్టరు కావాలో స్పష్టంగా రాసి, పాసుపుస్తకం జిరాక్సు జతచేస్తే పని తొందరగా అవుతుంది. ఆ పెట్టెలోని రసీదులన్నిటినీ ఫోటోలు తీసి ఫసలీల వారీగా పట్టిక వేసే పని పెద్దాయన అనుమతితో నేను మొదలుపెట్టాను. సంక్రాంతికి మా ఊరు వచ్చినప్పుడు తాత రఫ్ పట్టా తీసి చూపించాలని చిన్నాయన ఇప్పటికే షరతు పెట్టారు. మా నాన్నకు ఫోను చేసి, దాన్ని అటక మీద నుంచి దించి ఉంచమని చెప్పాను.